హెపటైటిస్-బి: కిడ్నీ పేషెంట్లు డయాలసిస్‌కు ముందే వేయించుకోవాల్సిన టీకా.. ఆలస్యమైతే ఏమవుతుంది?

కిడ్నీ జబ్బు అని తేలగానే ఇంట్లో లెక్కలన్నీ క్రియాటినిన్ చుట్టూనే తిరుగుతాయి. ఉప్పు తగ్గించడం, బీపీ, షుగర్ చూసుకోవడం.. వీటి మధ్య చాలామంది మర్చిపోయేది హెపటైటిస్-బి టీకా. డయాలసిస్ మొదలుపెట్టే రోజున ‘హెచ్‌బీఎస్‌ఏజీ రిపోర్ట్ ఉందా?’ అని అడిగితే తప్ప ఈ మాట గుర్తుకు రాదు. అప్పటికే కొంత ఆలస్యం జరిగిపోయినట్టే.

హెపటైటిస్-బి కాలేయానికి సోకే వైరస్. రక్తం, ఇతర శరీర ద్రవాల ద్వారా వ్యాపిస్తుంది. డయాలసిస్‌లో వారానికి రెండు మూడుసార్లు రక్తం బయటికొచ్చి, మళ్లీ ఒంట్లోకి వెళ్తుంది. పైగా ఈ వైరస్ మహా మొండిది. కంటికి మరక కనిపించకపోయినా, ఎండిన రక్తంలో కనీసం ఏడు రోజులు బతికే ఉంటుంది. మెషీన్ మీద బటన్, మంచం అంచు, మార్చని గ్లౌజు.. ఏదైనా దానికి దారే. 1969-70లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో డయాలసిస్ యూనిట్‌లో ఇది వ్యాపించి రోగులే కాదు, సిబ్బంది కూడా ప్రాణాలు కోల్పోయారు. పాజిటివ్ ఉన్నవారికి విడిగా మెషీన్, విడిగా గది కేటాయించడం వెనుక ఇలాంటి చేదు అనుభవాలున్నాయి. తమను దూరం పెడుతున్నారని కొందరు బాధపడతారు కానీ, పక్క బెడ్‌లోని మనిషిని కాపాడే పద్ధతి అది.

కామెర్లు వస్తే తెలిసిపోతుందిలే అనుకోవద్దు. కిడ్నీ రోగుల్లో రోగనిరోధక శక్తి మందగిస్తుంది. అందుకే వైరస్ సోకినా కళ్లు పచ్చబడకపోవచ్చు, ఎస్‌జీపీటీ కూడా నార్మల్‌గానే రావచ్చు. రక్షణ లేని డయాలసిస్ రోగికి నెలనెలా హెచ్‌బీఎస్‌ఏజీ టెస్ట్ చేయాలని అమెరికా సీడీసీ చెప్పేది ఇందుకే. ఒకవేళ కామెర్లు కనిపించినా పసరు మందు జోలికి వెళ్లొద్దు. అసలే దెబ్బతిన్న కిడ్నీకి అది మరింత ముప్పు.

ఇక టీకా సంగతి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు మూడు డోసులు సరిపోతాయి, పదిమందిలో తొమ్మిదిమందికి పైగా రక్షణ వస్తుంది. డయాలసిస్‌లో ఉన్నవారికి మాత్రం సాధారణంగా రెట్టింపు మోతాదు, అంటే 40 మైక్రోగ్రాములు, 0, 1, 2, 6 నెలల్లో నాలుగుసార్లు ఇస్తారు. అయినా చాలామందిలో యాంటీబాడీలు చాలినన్ని రావు. అదే జబ్బు తొలిదశలో వేయించుకుంటే ఫలితం మెరుగ్గా ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి చోట్ల కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి నెమ్మదిగా ముదురుతుంది. టీకాకు చేతిలో ఉన్న సమయం ఆ ఏళ్లే. మన దేశంలో పిల్లల టీకాల్లో దీన్ని అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది 2011లో కాబట్టి, ఇప్పటి పెద్దవాళ్లలో చాలామంది వేయించుకుని ఉండరు. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ ‘శాన్‌వాక్-బి’ తెచ్చాక ధర కూడా బాగా దిగొచ్చింది.

టీకాను భుజం కండకే వేయించుకోవాలి, పిరుదుకు వేస్తే సరిగా పనిచేయదు. ఫిస్టులా ఉంటే రెండో చేతికి అని సిస్టర్‌కు ముందే చెప్పండి. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీ-హెచ్‌బీఎస్ టెస్ట్ చేయించాలి. రిపోర్ట్‌లో 10 కంటే తక్కువ ఉంటే కోర్సు మళ్లీ మొదలుపెడతారు. ఎక్కువ ఉన్నా, డయాలసిస్ రోగులు ఏడాదికోసారి చూపించుకోవాలి. పడిపోతే బూస్టర్ ఇస్తారు. ఇంకో విషయం.. టీకా వేసిన రెండు మూడు వారాల్లోపు హెచ్‌బీఎస్‌ఏజీ చేస్తే, టీకా వల్లే పాజిటివ్ చూపించే అవకాశం ఉంది. టీకా ఎప్పుడు వేయించుకున్నారో డాక్టర్‌కు చెబితే ఆ కంగారు తప్పుతుంది.

ఇప్పటికే పాజిటివ్ అయితే దారులన్నీ మూసుకుపోయినట్టు కాదు. ఎంటెకవిర్, టెనోఫోవిర్ లాంటి మాత్రలు వైరస్‌ను అణచి ఉంచుతాయి. కిడ్నీ పనితీరును బట్టి ఏ మందు, ఎంత డోసు అన్నది డాక్టరే తేలుస్తారు. వీరికీ కిడ్నీ మార్పిడి చేస్తున్నారు. కానీ ఆ తర్వాత వాడే ఇమ్యునిటీ తగ్గించే మందుల వల్ల వైరస్ మళ్లీ విజృంభించవచ్చు. బాగానే ఉంది కదా అని యాంటీవైరల్ మాత్రలు సొంతంగా ఆపేస్తే కాలేయం ఒక్కసారిగా దెబ్బతినే ప్రమాదం ఉంది. ఇంట్లోవాళ్లు కూడా టెస్ట్ చేయించుకుని, నెగెటివ్ వస్తే టీకా వేయించుకోవాలి. బ్లేడు, టూత్‌బ్రష్, షుగర్ చూసుకునే సూది మాత్రం ఎవరివి వాళ్లవే ఉండాలి.