ప్రోటీన్ పొడి: కండ పెంచింది ఏది?

జిమ్‌లో కొత్తగా చేరినవారికి మొదటి వారంలోనే అందే సలహా, ప్రోటీన్ పొడి కొనమని. దాని వెనుక దాదాపు 180 ఏళ్ల చరిత్ర ఉంది.

కండరం పనిచేస్తే ఖర్చయ్యేది మాంసకృత్తులేనని 1842లో జర్మన్ రసాయనవేత్త లీబిగ్ ప్రతిపాదించాడు. 1865లో ఫిక్, విస్లిసెనస్ అనే పరిశోధకులు మాంసకృత్తులు లేని ఆహారం తిని, స్విట్జర్లాండ్‌లోని ఫౌల్‌హార్న్ శిఖరం ఎక్కారు. మూత్రంలోని నత్రజనిని కొలిచి చూడగా, శరీరంలో ఖర్చయిన మాంసకృత్తులు ఆ శ్రమకు చాలవని తేలింది. సిద్ధాంతం వీగిపోయింది, నమ్మకం మాత్రం మిగిలింది. 1900 తర్వాత లండన్‌లో బలశాలి యూజెన్ శాండో (మనం తొడిగే శాండో బనియన్‌లోని శాండో ఈయనే) పాల నుంచి తీసిన ప్లాస్మన్ పొడికి ప్రచారం చేశాడు.

అసలు మలుపు అమెరికాలో వచ్చింది. పెన్సిల్వేనియాలోని యార్క్‌లో బాబ్ హాఫ్‌మన్ బార్‌బెల్ కంపెనీ యజమాని. వెయిట్‌లిఫ్టింగ్ జట్టు శిక్షకుడు, 'స్ట్రెంగ్త్ అండ్ హెల్త్' పత్రిక నిర్వాహకుడు కూడా ఆయనే. 1950ల తొలినాళ్లలో సోయా పిండితో చేసిన 'హై-ప్రోటీన్' పొడిని అమ్మకానికి పెట్టాడు. సరుకు, పత్రిక, క్రీడాకారులు మూడూ ఒకే చేతిలో ఉన్న సంగతి గమనించండి. 1958లో సీబా కంపెనీ డయానబాల్ అనే స్టెరాయిడ్‌ను విడుదల చేసింది. జాన్ జీగ్లర్ అనే వైద్యుడు దాన్ని కొందరు యార్క్ క్రీడాకారులకు ఇచ్చాడు. వారి బలం పెరిగింది. పత్రిక ఆ ఘనతను కొత్త వ్యాయామ పద్ధతికీ పొడికీ కట్టబెట్టింది, మాత్రల ఊసెత్తలేదు. డబ్బా కొని అలాంటి కండల కోసం ఎదురుచూసిన కుర్రవాడికి పోలికే తప్పుగా అందింది. నా దృష్టిలో ఈ చరిత్రలోని పెద్ద మోసం ఇదే.

కనుక బాడీబిల్డర్ల ఆరోగ్యం గురించి చదివేటప్పుడు పొడి చేసే హానినీ, దానితోపాటు వాడే మందుల హానినీ మీరు వేరుచేసి చూడాలి. కాలేయం, గుండె, సంతానోత్పత్తి శక్తి దెబ్బతినడం ప్రధానంగా స్టెరాయిడ్ల పని. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అధిక మాంసకృత్తులు ప్రమాదం. ఆరోగ్యవంతుల విషయంలో వాదం ఇంకా తేలలేదు. పెద్దలకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాములు చాలునని భారతీయ ప్రమాణం. బరువులెత్తేవారికి సుమారు 1.6 గ్రాముల వరకు ప్రయోజనం కనిపించింది. ఆపైన తిన్నదానితో కండ పెద్దగా పెరగదు.

డబ్బాలో ఏముందన్నది మరో ప్రశ్న. 2024లో ప్రచురితమైన ఒక భారతీయ అధ్యయనంలో పరీక్షించిన 36 ఉత్పత్తుల్లో దాదాపు 70 శాతం డబ్బాలపై రాసిన ప్రోటీన్ వివరాలు సరికావని తేలింది. కొన్నింటిలో బూజు విషాలు, పురుగుమందుల అవశేషాలు బయటపడ్డాయి. కండల కోసం ఈ పొడులు వాడవద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ అదే ఏడాది తన ఆహార మార్గదర్శకాల్లో సూచించింది.