పోరు పలుకులు

వీథిబడిలో ఓనమాలు దాటిన బాలుడు, కావ్యమేదియు ఇంకను విప్పకమున్నే, యుద్ధమునకు వలయు మాటలను కంఠస్థము చేయుట మన దేశమున చిరకాలము సాగిన యాచారము. అమరసింహుని నామలింగానుశాసనమున ద్వితీయకాండమందలి క్షత్రియవర్గమును వల్లించుట యనగా వింటికిని నారికిని, కవచమునకును తూణీరమునకును, రౌతుకును కాల్బంటుకును గల పర్యాయపదములను శ్లోకముల వరుసలో నోట నిలుపుకొనుటయే. అర్థము చెప్పుటకు గురుబాలప్రబోధిక యను తెలుగు టీక యుండెను. ఆ వర్గమందే సేనాగణితమును గలదు. ఒక ఏనుగు, ఒక రథము, మూడు గుఱ్ఱములు, ఐదుగురు కాల్బంట్లు కూడినది పత్తి. అది సేనాముఖము, గుల్మము, గణము, వాహిని, పృతన, చమువు, అనీకిని యని మూడేసి రెట్లు పెరుగుచు పోయి, పది అనీకినులు చేరగా అక్షౌహిణి యగును. 21,870 ఏనుగులు, అన్నియే రథములు, 65,610 గుఱ్ఱములు, 1,09,350 మంది పదాతులు. ఇట్టివి కౌరవులకు పదునొకండు, పాండవులకు ఏడు. ఈ లెక్క నెరుగనివానికి అక్షౌహిణి వట్టి పెద్దసేన. ఎరిగినవానికి మాత్రము తిక్కన యుద్ధపర్వములలో ఒక ఏనుగు కూలినంతనే దాని చుట్టు నిలువ దిక్కులేక చెదరిన మూడు గుఱ్ఱములును ఐదుగురు బంట్లును కనులకు గట్టుదురు.

అయినను అమరమొక్కటే తెలుగు పాఠకుని రణరంగము దాటించజాలదు. బవరము, దురము, కయ్యము, అని, కలను అను మాటలు సంస్కృతకోశమున దొరకవు. మొన యనగా బారులు తీరిన సేన యొక్క ముందుభాగము. అచట నిలువగలవాడు మొనగాడు. నేడు పందెమున గెలిచిన ప్రతివానిని మొనగాడందుము గాని, ఆ బిరుదము తొలుత ఎదుటివాని ఈటెపోటునకు అందరికంటె చేరువగా నిలుచుట వలన వచ్చినది. దండును ఎత్తుట దండెత్తుట. సన్నాహ మనగా కట్టుకొనుట, కవచమును బిగించుకొనుట. పెండ్లి సన్నాహము లని పలుకునపుడు మనము తెలియకయే ఇనుపతొడుగును తలచుచున్నాము. కాకతీయుల నాటి శాసనములలో కనబడు లెంక సామాన్యభటుడు గాడు, ప్రభువుతోడనే ప్రాణములు విడుతునని బాసచేసినవాడు. ఆ బాస తెలియనిచో అతని మరణము కథలో ఒక వాక్యముగా మాత్రమే గడచిపోవును.

కోటను గూర్చిన మాటలు మరియు గహనములు. అగడ్త, కొత్తళము, దిడ్డి, గవని, బురుజు, ఇవి చూచి నేర్వవలసినవే గాని చదివి నేర్వదగినవి కావు. నా చిన్ననాట మా యూర బొబ్బిలి కథ చెప్పిన రాత్రి, కథకుడు లగ్గ పట్టిరని పాడగా, ఆ మాట నాకు దెలియలేదు. అమరమంతయు నోటనున్న మా తాతగారిని అడిగితిని. వారు క్షణకాలము యోచించి ఊరకుండిరి. మా పాలేరు మాత్రము లేచిపోయి గాదెకు వేసియున్న నిచ్చెనను తెచ్చి ప్రహరికి ఆనించి, పైకెక్కి, అవతలికి దూకి చూపెను. అప్పటినుండి 1757 జనవరి 24వ తేదీని బొబ్బిలి మట్టికోటపై ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు గురిపెట్టిన పట్టునకు వచ్చినప్పుడెల్ల నాకు ఆ నిచ్చెనయే గుర్తునకు వచ్చును.

ఆ పదునెనిమిదవ శతాబ్దమున మన పోరుమాటలు మూడవ యింటినుండి వచ్చి చేరినవి. ఫౌజు, సర్దారు, సిపాయి, కిల్లేదారు, నగారా, డేరా యనునవి పారసీక హిందూస్థానీ ముఖముల నుండి దండుతోడనే నడచి వచ్చినవి. ఫిరంగి యను మాట ఫ్రాంకులు, అనగా ఐరోపావారు, అను అర్థమున బయలుదేరి, వారి చేతనున్న ఆయుధమునకే పేరై నిలిచెను. పండితులు వీనిని అన్యదేశ్యములని కావ్యముల గడప త్రొక్కనీయలేదు. వీనిని ఆదరముతో ఏరి కూర్చినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. ఆయన అనంతపురపు హండె పాలకుల చరిత్రమును, 1750 మొదలు 1810 వరకు వ్రాయబడిన వాడుక తెలుగు వచనమును, రాజుల యుద్ధములను పేర 1853లో వెలువరించెను. గుత్తి మురారిరావు, హైదరాలీలు కదిలిన సీమలో పుట్టిన వచనమది. లేఖకులు తాము విన్న మాటలనే వ్రాసిరి. 1854లో ఆయన తెలుగున కలసిన అన్యభాషాపదములకు మిశ్రభాషా నిఘంటువును వేరుగా అచ్చువేయించెను. ఆ పని లేకున్నచో ఆ కాలపు పత్రములును కథలును మనకు సగము మూగవై పోయి యుండెడివి. అయినను వేరుగా అన్నచోట నా మనస్సు నిలువదు. కత్తి ఒక సంపుటమునను, తుపాకి మరియొక సంపుటమునను ఉండదగునా? సిపాయి మొలను రెండును ఒక్కటిగానే వ్రేలాడినవి గదా!

కోట చుట్టు త్రవ్విన గోయి ఒక్కటే. లోపల నిలిచి కాచువాడు దానిని అగడ్త యనెను. వెలుపల డేరా వేసినవాడు ఖందకు అనెను. కోటలు కూలినవి, అగడ్తలు పూడినవి. వెలుపలివాని మాట కందకమై మన నోట మిగిలినది. ఆంధ్రపత్రిక దినపత్రికగా చెన్నపట్టణమున 1914 ఏప్రిలులో ఆరంభమైన నాలుగు నెలలకు ఐరోపాలో మహాయుద్ధము రగిలినది; ఫ్రాన్సు పొలములలో కోటయే లేనిచోట, మనుష్యులు బ్రదుకుటకును చచ్చుటకును నేలలో త్రవ్వుకొన్న చాళ్ళకు తెలుగున పేరు వలసివచ్చినపుడు, ఆ పని చేసినది ఈ కందకమే.