హార్వీ మిల్క్

హార్వీ మిల్క్ (1930–1978): అమెరికన్ నాయకుడు, శాన్ ఫ్రాన్సిస్కో నగర పాలక మండలి సభ్యుడు. న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టి, 1972లో శాన్ ఫ్రాన్సిస్కోలో స్థిరపడ్డారు. క్యాస్ట్రో వీధిలోని ఆయన కెమెరా దుకాణమే ఎన్నికల కార్యాలయం. తాను స్వలింగ సంపర్కుడినని దాచకుండా 1973, 1975లలో మండలికి పోటీచేసి ఓడిపోయారు. నగరమంతా ఒకే నియోజకవర్గంగా ఉన్నప్పుడు ఒక్క పేట అభిమానం చాలలేదు. వార్డులవారీ ఎన్నికలు రాగానే 1977లో నెగ్గారు. ఉద్యోగాల్లో, అద్దె ఇళ్ళ విషయంలో స్వలింగ సంపర్కులపై వివక్షను నిషేధించే శాసనం ఆయన కృషి ఫలితమే. పెంపుడు కుక్కల మలాన్ని యజమానులే ఎత్తాలన్న నిబంధనా ఆయన తెచ్చిందే. దాని అవసరం తెలియజెప్పడానికి పార్కులో విలేకరుల ఎదుట కుక్క మలంలో కాలు పెట్టి మరీ చూపించారు. వీధి బాగోగులనూ పౌరహక్కులనూ ఒకే పట్టుదలతో చూడటమే ఆయన గొప్పతనం. పదవి చేపట్టిన పదకొండు నెలలకే, 1978 నవంబర్ 27న, మండలి మాజీ సభ్యుడు డాన్ వైట్ ఆయననూ మేయర్ జార్జ్ మస్కోనీనీ సిటీ హాల్‌లోనే కాల్చి చంపాడు.