కరవు పనులనుండి పని హక్కు వరకు

నందన నామ సంవత్సరమున, అనగా 1832–33లో, గుంటూరు సీమను పీడించిన కరవును గూర్చి మన పెద్దలు తరతరములుగా చెప్పుకొనుచు వచ్చిరి. ఆ జిల్లాలోని సుమారు 5 లక్షల ప్రజలలో లక్షన్నర నుండి 2 లక్షల వరకు మరణించిరని అంచనాలు కలవు. ఈ దుఃఖగాథకు మరియొక ప్రక్క కలదు. అది కుంఫిణీవారి జమాఖర్చుల పుస్తకము. దున్నువాడు పోయెను, ఎద్దు పోయెను, భూమి బీడువడెను. ఇక శిస్తు ఎవరు కట్టుదురు? పొరుగున రాజమహేంద్రవరము జిల్లాలో 1821లో 7,38,000గా నుండిన జనసంఖ్య 1841 నాటికి 5,61,000కు దిగెను. జిల్లా ఇట్లు క్షీణించుటకు కారణములను విచారించి సర్ హెన్రీ మాంట్‌గొమరీ 1844లో నివేదిక వ్రాసెను. ఆ విచారణ ఫలితముగనే ఆర్థర్ కాటన్ ధవళేశ్వరము చేరెను. 1847లో మొదలైన ఆనకట్ట 1852లో పూర్తియైనది. కుంఫిణీవారికి దయ కలిగియుండవచ్చును. కాని ఆనకట్టకు సొమ్ము విడుదల చేయించినది లెక్క.

నేటి ప్రసంగమున ఈ లెక్కనే ముందుకు సాగించి చూడదలచినాము. బీదదేశము తన బీదవారికి కనీస భద్రత కల్పించగలదా? ముందు దేశము సంపన్నము కావలెను, పంచుకొనుట తరువాతి మాట, అను వాదము మనకు క్రొత్తది కాదు. అది పైకి మిక్కిలి యుక్తియుక్తముగ కనబడును. కాని అందొక ఖర్చు మాత్రమే లెక్కించబడుచున్నది; భద్రత లేకపోవుట వలన దేశము ప్రతియేటా చెల్లించుచుండు రెండవ ఖర్చు ఏ పద్దులోను చేరుట లేదు.

గోదావరి, కృష్ణా ఆనకట్టలు డెల్టాలను కాపాడినవి. మెట్టసీమలకు ఆ భాగ్యము కలుగలేదు. 1876లో, ధాత సంవత్సరమున, వానలు తప్పినపుడు బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడిపోయినవి. వైస్రాయి లిట్టన్ ప్రభువు సర్ రిచర్డ్ టెంపుల్‌ను కరవు వ్యవహారములు చక్కబెట్టుటకై దక్షిణాదికి పంపెను. ఈ టెంపుల్ కథ విచిత్రమైనది. అంతకు మూడేండ్ల ముందు బీహారు కరవులో ఆయన బర్మానుండి దాదాపు 5 లక్షల టన్నుల బియ్యము తెప్పించి ప్రజలను కాపాడెను; ఆకలిచావులు స్వల్పము. మెప్పునకు మారుగా ఆయనకు దక్కినది దుబారా చేసెనను నింద. ఆ నింద తుడుచుకొనుటకే కాబోలు, 1877లో మద్రాసు రాజధానికి వచ్చిన టెంపుల్, కరవు పనులలోని మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, దానిపై ఒక అణాయును చాలునని తీర్మానించెను. పౌనన నేటి తూకమున 450 గ్రాములు. ఆ తిండి తిని దినమంతయు మన్ను త్రవ్వవలెను, తట్టలు మోయవలెను.

రాజధాని శానిటరీ కమీషనరు డాక్టర్ కార్నిష్ దీనిని గట్టిగా ఎదిరించెను. పౌనున్నర ధాన్యమును, దానితో పప్పు కూరలును లేనిదే పనిచేయు దేహము నిలువదని ఆయన వాదన. కొన్ని నెలల పిదప మద్రాసు ప్రభుత్వము కూలిని పెంచెను గాని అప్పటికే చాల నష్టము జరిగిపోయినది. 1876–78 సంవత్సరములలో బ్రిటిషు ఏలుబడిలోని ప్రాంతములందు 55 లక్షల మంది వరకు మరణించిరని ఒక అంచనా. కర్నూలు జిల్లా జనాభా 1871కిని 1881కిని నడుమ సుమారు నాలుగవ వంతు తగ్గినది. మద్రాసులో అడయారు, కూవము నదులను కలుపుచు ఆ కరవు కూలీలు త్రవ్విన కాలువ మిగిలినది. గవర్నరు పేరిట అది బకింగ్‌హామ్ కాలువ యైనది. మిగిలిన అరపౌను ధాన్యమునకు వెలయెంత? మరల నాగలి పట్టని చేతులకు వెలయెంత? ఈ రెంటిని ప్రక్కప్రక్కన వేసి చూచినచో, టెంపుల్ చేసిన దుబారా బీహారులో గాక మద్రాసులో జరిగినదని మా అభిప్రాయము.

తరువాత సర్ రిచర్డ్ స్ట్రేచీ అధ్యక్షతన ఏర్పడిన కమీషను 1880లో నివేదిక సమర్పించెను. దానినుండియే కరవు నిబంధనావళులు పుట్టినవి. పనిచేయగలవానికి పని, చేయలేనివానికి ఉచిత సహాయము, రైతునకు తక్కావీ ఋణము, శిస్తు వాయిదా: ఇవన్నియు అందు కలవు. లేనిది ఒక్కటే. కరవు వచ్చినదని ప్రకటించు అధికారము ప్రభుత్వము చేతిలోనుండెను. నాకు పనియిమ్మని అడుగు హక్కు ఆకలిగొన్నవానికి లేకుండెను. 1943లో వంగదేశమున లక్షలాది జనులు మరణించుచుండగా నిబంధనావళి ప్రకారము కరవును ప్రకటింపనే లేదు.

స్వతంత్ర భారతమున ఈ లోటును మొదట పూరించినది మహారాష్ట్రము. ఆ రాష్ట్ర విధానపరిషత్తు అధ్యక్షుడు వి. ఎస్. పాగే ఈ పథకమునకు కర్త. 1970–73 నడుమ అచ్చట వరుసగ పంటలు దెబ్బతినినవి. 1973 మే మాసమున దాదాపు 50 లక్షల మంది సహాయపు పనులలో నుండిరి. ధాత కరవు వంటి మరణములు సంభవించలేదు. ఆ అనుభవముతో 1977లో ఉద్యోగ హామీ శాసనము జరిగి, 1979 జనవరి 26న అమలులోనికి వచ్చెను. గ్రామమున కాయకష్టము చేయ సిద్ధపడిన ప్రతి వయోజనునకు అడిగినచో పని చూపుట ప్రభుత్వ విధి యయ్యెను. దీనికి సొమ్మెక్కడిది? బొంబాయి వంటి నగరములలోని జీతగాండ్రపై వృత్తిపన్ను వేసిరి. ప్రభుత్వము తన వంతు కలిపెను. నగరవాసులు దీనికేల ఒప్పుకొనిరను సందేహము రావచ్చును. పల్లెలో పని లేనివాడు బొంబాయి కాలిబాటకు చేరునని వారెరుగుదురు.

ఈ శాసనము వలన కలిగిన మేలును కొలుచు అవకాశము మన తెలుగుగడ్డ కల్పించినది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధకులు 1975 నుండి కొన్ని మెట్టగ్రామములలో కుటుంబముల ఆదాయవ్యయములను ఏటేటా వ్రాసికొనుచు వచ్చిరి. వానిలో మహారాష్ట్రలోని షిరాపూరు, కంజారా కలవు. అప్పటి మహబూబునగరము జిల్లాలోని ఆరేపల్లి కలదు. మహారాష్ట్ర పల్లెలలో పని హామీ యుండెను, ఆరేపల్లిలో లేకుండెను. భూమిలేని కుటుంబముల రాబడి సంవత్సరమునకు సంవత్సరమునకు ఎంత హెచ్చుతగ్గులగుచున్నదో పోల్చి చూడగా, హామీయున్న పల్లెలలో ఆ ఒడుదుడుకులు ఆరేపల్లిలోని వానిలో సగమునకు మించలేదు.

ఒడుదుడుకు తగ్గినంత మాత్రమున దేశమునకేమి లాభమని అడుగవచ్చును. దీనికి జవాబు ఎద్దు చెప్పును. వానలు తప్పిన యేడు చిన్నరైతు బియ్యము కొనుటకు ఎద్దును సంతకు తోలుకొనిపోవును. ఆ యేడు అందరును అదే పని చేయుదురు గనుక ఎద్దుకు ధర పలుకదు. మరుసటి యేడు వాన కురియును, ఎద్దు లేదు. అద్దెకు దొరకువరకు అదును దాటిపోవును. ఆ ఇక్రిశాట్ గ్రామముల లెక్కలనే పరిశీలించిన అర్థశాస్త్రవేత్తలు, ఈ విధముగా ఎద్దులను అమ్ముకొనుచుండుట వలననే సేద్యమునకు కావలసినన్ని ఎద్దులు రైతులవద్ద నిలువలేకపోయినవని చూపిరి. మరియొక నష్టము కంటికి కనబడనిది. ఒక్క పంట పోయిన పస్తుండవలసినవాడు హెచ్చు దిగుబడినిచ్చు క్రొత్త విత్తనము జోలికి పోడు. తాతనాటి జొన్ననే చల్లును. అది అతని అజ్ఞానమని పట్టణములలో కొందరనుచుందురు. అతని స్థితిలో అదియే వివేకము. భద్రత కల్పించనిచో దేశము ఆ వివేకమునకు మూల్యము చెల్లించుచునే యుండును.

పనిచేయలేని ముసలివారి మాట వేరు. మన కోరంగి రేవునుండి ఓడలెక్కిపోయిన తెలుగు కూలీల సంతతి నివసించు మారిషస్ ద్వీపము 1958లోనే, చెరకు తప్ప వేరు ఆధారము లేని దినములలో, వృద్ధులందరికిని పింఛను ఏర్పరచెను. అటు పిమ్మట కొలదికాలమునకు జేమ్స్ మీడ్ వంటి అర్థశాస్త్రవేత్త ఆ ద్వీపపు భవిష్యత్తును గూర్చి నిరాశనే వెలిబుచ్చెను. ద్వీపము మునుగలేదు, ఆఫ్రికా ఖండపు సంపన్న దేశములలో నొకటి యైనది. పింఛనే దానిని సంపన్నము చేసినదని మేమనము. పింఛను దానికి అడ్డుపడలేదని మాత్రము చెప్పవచ్చును. మన దేశమున 1995లో నిరాధార వృద్ధులకు కేంద్రప్రభుత్వ మేర్పరచిన పింఛను నెలకు 75 రూపాయలు. ఆ మొత్తమును చూచి దేశము దివాలా తీయునని భయపడినవారుండిన, వారి భయమునకు మెచ్చుకొనవలసినదే!

బళ్ళారి నుండి 1882లో విడివడిన అనంతపురము జిల్లాలోని బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న, జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము ఆరంభమైనది. 2005 నాటి ఆ శాసనము గ్రామీణ కుటుంబమునకు ఏటా 100 దినముల పనిని హక్కుగా నిర్ణయించెను; కూలి పదునైదు దినములలో చెల్లవలెననెను. చెల్లింపు మాత్రము అనేక చోట్ల నెలలకొలది ఆలస్యమయ్యెను. ఆలస్యమైన కూలి భద్రత కానేరదు. అది చేతికందులోపల ఎద్దు సంతకు చేరును, లేదా వడ్డీవ్యాపారి గుమాస్తా ఇంటికి వచ్చును.

2010–12 నడుమ అప్పటి ఆంధ్రప్రదేశములో వేలిముద్రల కార్డుల ద్వారా కూలి చెల్లించు పద్ధతిని కొన్ని మండలములలో ముందు, కొన్నింట వెనుక ప్రవేశపెట్టి ఫలితములను పరీక్షించిరి. ముందు ప్రవేశపెట్టిన మండలములలో కూలి త్వరగా అందెను, దారిలో కాజేయబడుట తగ్గెను. ఇంతవరకు ఊహించినదే. ఆశ్చర్యకరమైన విషయము వేరొకటి. బీదకుటుంబములకు పెరిగిన రాబడిలో అత్యధిక భాగము పథకపు పనులనుండి రాలేదు. ఊరిలోని ఇతర పనులనుండి వచ్చినది. చేతిలో వేరొక దారి యున్న కూలివాడు తక్కువ కూలికి ఒప్పుకొనడు గదా! కూలిరేట్లు పెరిగినవని మోతుబరి రైతులు నొచ్చుకొనిరనిన అందు ఆశ్చర్యము లేదు, వారికది నిజముగా అదనపు ఖర్చే. అయితే కూలి పెరిగినచో పనులు తగ్గునని అందరు చెప్పు సూత్రము ఆ మండలములలో చెల్లలేదు. పథకము వెలుపల జనులకు దొరకిన పనిదినములు తగ్గకపోగా పెరిగినవి.