బల్ల మీది అడవి

బొమ్మ సైనికులతో ఆడే యుద్ధక్రీడలో చెట్టు అలంకారం మాత్రమే కాదు. అది సైన్యాన్ని దాస్తుంది, నడకను నెమ్మది చేస్తుంది. అందుకే ఈ ఆట చరిత్రలో కృత్రిమ భూభాగానికి పెద్ద స్థానం ఉంది.

1812లో ప్రష్యా రాజు మూడవ ఫ్రెడరిక్ విల్హెల్మ్ కోసం రైస్విట్జ్ అనే ఆయన ఈ ఆట ఆడేందుకు ఒక బల్ల చేయించాడు. దాని మీది ప్లాస్టర్ పలకలను కావలసినట్టు మార్చి అమర్చుకోవచ్చు. 1824లో రైస్విట్జ్ కుమారుడు తెచ్చిన పద్ధతిలో పలకల స్థానంలో పటాలు వచ్చాయి.

ఇంగ్లండులో రచయిత హెచ్.జి. వెల్స్ ఆటను ఇంటి నేల మీదికి తెచ్చాడు. 1911 నాటి ‘ఫ్లోర్ గేమ్స్’, 1913 నాటి ‘లిటిల్ వార్స్’ రచనల కాలంలో చెట్లంటే తోటలో తుంచిన రెమ్మలే. అవి త్వరగా వాడిపోయేవి.

తరువాతి ఆటగాళ్లు నమూనా రైళ్ల అభిరుచి నుంచి మెళకువలు అందుకున్నారు. తీగలను మెలిపెట్టి కాండం, కొమ్మలు చేశారు. గ్లిసరిన్‌తో మెత్తబరచిన లైకెన్, రంగు వేసిన రంపపు పొట్టు, ఆపైన నురుగు తునకలు ఆకులయ్యాయి.

చెట్టు నిలబడాలంటే పీఠం వెడల్పుగా, బరువుగా ఉండాలి. పలచని చెక్కపలక అంచులను వాలుగా అరగదీసి, జిగురు పూసి, ఇసుక చల్లి రంగు వేస్తారు. అడవికైతే ఒకే పెద్ద పలక మీద చెట్లను విడిగా నిలుపుతారు. సైనికులు లోపలికి వచ్చినప్పుడు చెట్లను తీసేసినా, పలక అంచే అడవి హద్దును చూపుతుంది.