నాలుగు అక్షరాల వెనుక వందేళ్ల తగవు

ఎంబీటీఐ వ్యక్తిత్వ పరీక్ష రాసి ‘నేను ఐఎన్‌టీజే’ అనడం ఇప్పుడు రాశి చెప్పినంత తేలిక. ఆ మనిషిలో పెత్తనం అంతఃస్ఫురణదా, ఆలోచనదా అని అడిగితే మాత్రం తగవు మొదలవుతుంది. దాని మూలం 1921లో ఉంది.

ఫ్రాయిడ్‌తో తెగతెంపులయ్యాక స్విస్ మనోవైద్యుడు కార్ల్ యుంగ్ ఆ ఏడాది ‘సైకలాజికల్ టైప్స్’ను జర్మన్‌లో వెలువరించాడు. మనసు పనిచేసే తీరులు నాలుగన్నాడు: ఆలోచన, భావన, ఇంద్రియానుభవం, అంతఃస్ఫురణ. వీటినే ఫంక్షన్లంటారు. ఒక్కొక్కటీ బయటి లోకం వైపో, లోపలి వైపో తిరిగి ఉంటుంది కాబట్టి మొత్తం ఎనిమిది రకాలు. ఒకటి ఏలుతుంది, మరొకటి సాయపడుతుంది. సాయపడేది ఎటు తిరిగి ఉంటుందో మాత్రం యుంగ్ తేటగా చెప్పలేదు. తర్వాతి సిద్ధాంతాలన్నీ ఆ సందులోంచే పుట్టాయి.

1923లో ఇంగ్లిష్ అనువాదం రాగానే అమెరికాలో కాథరిన్ బ్రిగ్స్ దాన్ని పట్టుకుంది. ఆమె గానీ, కూతురు ఇసబెల్ మైయర్స్ గానీ మనస్తత్వశాస్త్రంలో శిక్షణ పొందినవారు కారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో మైయర్స్ ఎంబీటీఐ ప్రశ్నావళి తయారుచేసింది. ఏలేది లోపలికి తిరిగి ఉంటే సాయపడేది బయటికి తిరుగుతుందని ఆమె నిర్ణయం. నాలుగక్షరాల్లో చివరిది ఆ బయటికి కనిపించేదాన్ని సూచిస్తుంది: జే అయితే ఆలోచనో భావనో, పీ అయితే ఇంద్రియానుభవమో అంతఃస్ఫురణో. ఆ లెక్కన అంతర్ముఖుడైన ఐఎన్‌టీజేలో బయటికి కనిపించేది ఆలోచన, లోపల ఏలేది అంతఃస్ఫురణ. మరి మూడోది? మైయర్స్ వర్గం మాన్యువల్ ప్రకారం అదీ బయటికే. 1983లో హెరాల్డ్ గ్రాంట్ బృందం లోపల, బయట, లోపల, బయట అని వరస మార్చింది. నేడు ఎక్కువమంది వల్లించే ‘ఫంక్షన్ స్టాక్’ ఇదే.

1970లలో లిథువేనియాకు చెందిన అవుష్రా అవుగుస్తినావిచ్యూటే ఇంకో దారి పట్టింది. పోలిష్ మనోవైద్యుడు కెంపిన్‌స్కీ చెప్పిన సమాచార జీవక్రియ (మనసు సమాచారాన్ని జీర్ణించుకునే తీరు) భావనను యుంగ్‌కు జోడించి సోషియోనిక్స్‌ను నిర్మించింది. ఇందులో ప్రతి మనిషిలోనూ ఎనిమిదీ ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో స్థానం. ఇక్కడ చివరి అక్షరం ఏలేదాన్నే సూచిస్తుంది. దాంతో అంతర్ముఖుల లెక్క తలకిందులైంది: అవే నాలుగక్షరాలు, ఏలేది మాత్రం లోపలికి తిరిగిన ఆలోచన! అమెరికాలో జాన్ బీబీ కూడా ఎనిమిదింటినీ తీసుకున్నాడు గానీ, ఒక్కోదానికి వీరుడు, శిశువు వంటి ఆదిరూపాన్ని అంటగట్టాడు.

ఒకే బ్రహ్మసూత్రాలకు శంకరుడిదొకటి, రామానుజుడిదొకటి, మధ్వుడిదొకటి భాష్యం ఉన్నట్టే ఇదీ. భాష్యకారుల వాదం మూలవాక్యం మీద. ఫంక్షన్ల వరస మనుషుల్లో నిజంగా ఉందా అన్నది వేరే ప్రశ్న. 1989లో మనస్తత్వవేత్తలు మెక్‌క్రే, కోస్టా పరిశీలిస్తే ఎంబీటీఐ కొలిచే నాలుగు జంటలూ ‘బిగ్ ఫైవ్’ అనే ఐదు వ్యక్తిత్వ లక్షణాల్లో నాలుగింటితో సరిపోయాయి గానీ, మనుషులు విడివిడి రకాలుగా ఉన్నారనడానికి ఆధారం దొరకలేదు. 2009లో జేమ్స్ రేనీర్స్ నేరుగా ఫంక్షన్ల వరసనే తప్పుబట్టాడు.

కాబట్టి పరీక్ష చెప్పగలిగింది మీరు ఎటు మొగ్గుతారన్నంత వరకే. మీలో ఏది ఏలుతోందో చెప్పేది మీరు నమ్మిన భాష్యం.