బాతు తోక నేర్పిన పాఠం

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం రాయమని కమిటీ మిత్రులు అడిగారు. బడి కబుర్లు, ఆటల పోటీలు, మాస్టార్ల జ్ఞాపకాలు నాకంటే బాగా రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను బతుకంతా మోటార్లతో గడిపినవాణ్ణి. అందుకని ఒక కారు వెనక భాగంలో పుట్టుకొచ్చిన చిన్న తోక చరిత్ర రాస్తానన్నాను. దాన్ని స్పాయిలర్ అంటారు. మన బడికీ దానికీ ఏమిటి సంబంధం అంటారేమో, చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

మాది 1973 బ్యాచ్. ఆ ఏడాది చలికాలం జై ఆంధ్ర ఉద్యమం ఉధృతంగా ఉంది. బడి సరిగ్గా నడవలేదు. పరీక్షలు ఎప్పుడో ఎవరికీ తెలియదు. మన సైన్సు మాస్టారు మాత్రం ఊళ్లో ఉన్న పదిమందినీ పిలిచి తన ఇంటి అరుగు మీద పాఠాలు చెప్పారు. ఒకరోజు నోటుపుస్తకంలోంచి సన్నటి కాగితం ముక్క చించి, ఒక కొసను కింది పెదవికి ఆనించి, దాని పైనుంచి ఊదారు. వేలాడుతున్న కాగితం లేచి నిలబడింది. "కింద నుంచి ఎవరైనా నెట్టారట్రా? మరెందుకు లేచింది?" అని అడిగారు. వంపు మీదుగా గాలి జారిపోయేటప్పుడు అక్కడ ఒత్తిడి తగ్గుతుందని, కింద ఉన్న ఒత్తిడే కాగితాన్ని పైకి లేపుతుందని ఆయన చెప్పగా విన్నాం. ఆ వారంలోనే తక్కెడ పాఠం కూడా అయింది. "ఒక పళ్లెం ముట్టుకున్నవాడు రెండో పళ్లెం చూడాలి" అన్నారు. మొదటి పాఠం నాకు వెంటనే ఎక్కింది. రెండోది ఎక్కడానికి నలభై ఏళ్లు పట్టింది.

గాలి కారును ఎందుకు లేపుతుంది

కారును పక్క నుంచి చూడండి. కింద చదును, పైన వంపు. మాస్టారి కాగితం లాంటిదే. వేగంగా పోతుంటే పైకప్పు మీద, వెనక వాలు మీద ఒత్తిడి తగ్గి కారు పైకి లాగబడుతుంది. వేగం రెట్టింపయితే ఈ లాగుడు నాలుగింతలవుతుంది. ఊళ్లో నలభై కిలోమీటర్ల వేగంలో దాని ఊసే తెలియదు. రెండు వందల్లో అయితే చక్రాలకు రోడ్డు మీద పట్టు సడలుతుంది.

ఈ సంగతి ముందుగా తెలిసింది పందెపు కార్లవాళ్లకు. 1961లో ఫెరారీ 246 ఎస్పీ అనే పందెపు కారును పరీక్షిస్తున్నప్పుడు, తోక చివర ఒక చిన్న రేకు అంచును నిలబెట్టి చూశారు. ఆ పనిలో ఉన్న డ్రైవరు రిచీ గింతర్. అంత చిన్న అంచుతోనే కారు నిలకడ మారింది. మరుసటి ఏడాది వచ్చిన ఫెరారీ 250 జీటీఓ కూడా వెనక అంచుతోనే పేరు తెచ్చుకుంది. 1970లో అమెరికాలో ప్లిమత్ సూపర్‌బర్డ్ అయితే రెండు స్తంభాల మీద ఎత్తయిన రెక్కతోనే షోరూముల్లోకి వచ్చింది. అయినా ఇవన్నీ పందేల కోసం పుట్టినవి. మామూలు రోడ్డు మీద తిరిగే యూరప్ కారుకు తోకను తగిలించి, అది అందంగా కూడా ఉందని జనం చేత అనిపించిన ఘనత మాత్రం పోర్షెది.

1972: స్టుట్‌గార్ట్ బాతు తోక

పోర్షె 911లో ఇంజను వెనక ఇరుసుకూ వెనకాల ఉంటుంది. బరువంతా వెనకే. మలుపులో వెనక చక్రాల పట్టు జారితే, ఆ బరువే కారును బొంగరంలా తిప్పేస్తుంది. దానికి తోడు 911 వీపు ఏటవాలుగా కిందికి జారుతుంది. అంటే బరువు ఎక్కడ ఉందో, గాలి లేపేదీ అక్కడే. 1970ల మొదట్లో పందేల్లో ఈ కారు వెనకబడుతుంటే, కంపెనీవారు తేలికైన, మరింత బలమైన కొత్త రకం చేయాలనుకున్నారు. అదే 911 కరేరా ఆర్‌ఎస్ 2.7. ఇంజను 2,687 సీసీ, 210 హార్స్‌పవర్. వేగం గంటకు 245 కిలోమీటర్ల దాకా. అంత వేగంలో వెనక భాగాన్ని నేలకు అంటిపెట్టి ఉంచడం ఎలా?

హెర్మన్ బుర్స్ట్, టిల్మన్ బ్రోడ్‌బెక్ అనే ఇంజనీర్లకు ఆ పని అప్పగించారు. 911 రూపం పాడుచేయకూడదన్నది షరతు. విండ్ టన్నెల్‌లో కారును నిలబెట్టి, ఇంజను మూత మీద రేకు ముక్కలతో అంచు కట్టి, దాన్ని కొద్దికొద్దిగా ఎత్తు పెంచుతూ కొలిచారు. ఎత్తు పెరిగేకొద్దీ వెనక లేచే బలం తగ్గుతూ వచ్చింది. ఒక హద్దు దాటితే గాలి అడ్డు పెరిగి వేగం పోతుంది. ఆ హద్దు దగ్గర ఆగారు. వాలు మీద జారిపోయే గాలి ఈ అంచుకు తగిలి నెమ్మదిస్తుంది. అక్కడ ఒత్తిడి పెరిగి మూతను కిందికి నొక్కుతుంది. వెనక లేచే బలం సగానికి పైగా తగ్గింది. పైగా గాలి కారును శుభ్రంగా వదిలిపోవడంతో గరిష్ఠ వేగం 4.5 కిలోమీటర్లు పెరిగింది. ఇంజనుకు చల్లగాలి కూడా బాగా అందింది. జర్మన్లు దాన్ని బ్యుర్ట్సెల్ అన్నారు. అంటే బాతు తోక.

పందెం నిబంధనల కోసం 500 కార్లు అమ్మాలి. అమ్మకాల విభాగం వాళ్లకు నమ్మకం లేదు. తోక ఉన్న కారు ఎవరు కొంటారని వాళ్ల బెంగ. 1972 అక్టోబరులో పారిస్ మోటారు ప్రదర్శనలో పెట్టారు. నవంబరు ముగిసేసరికి 500 కార్లూ అమ్ముడైపోయాయి. మొత్తం 1,580 కార్లు తయారయ్యాయి. దాని పందెపు రూపం 1973లో డేటోనా 24 గంటల పందెం, సిసిలీలో టార్గా ఫ్లోరియో గెలిచింది. మేం మాస్టారి అరుగు మీద కాగితం ఊదుతున్న ఆ నెలల్లోనే స్టుట్‌గార్ట్‌లో ఈ కార్లు వరసగా బయటికి వస్తున్నాయన్నమాట.

మా మిత్రుడి కారు

మా బ్యాచ్ మిత్రుడొకడు ఉద్యోగరీత్యా స్టుట్‌గార్ట్ దగ్గర స్థిరపడ్డాడు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయను. రిటైర్మెంటుకు ముందు, ఏళ్లుగా దాచుకున్న డబ్బుతో 1973 నాటి 911 టి కొన్నాడు. మేం ఎస్సెస్సీ రాసిన ఏడాది కారు. అది ఆ వరసలో అన్నిటికంటే సాదా రకం, 130 హార్స్‌పవర్. దానికి స్పాయిలర్ పెట్టాలని వాడి కోరిక. నేను అప్పుడు అక్కడే పనిచేస్తున్నాను. "ఒరేయ్, నువ్వే చెప్పు, ఏది పెడదాం?" అన్నాడు.

మా ముందు మూడు దారులున్నాయి. ఒకటి, 1970ల మధ్యలో టర్బో కార్లకు వచ్చిన వెడల్పాటి, రబ్బరు అంచు గల తిమింగలం తోక. అది తరవాతి కాలపు పెద్ద ఒంటి కార్లది. సన్నని 1973 కారుకు తాత చొక్కా మనవడికి తొడిగినట్టుంటుంది. రెండోది, పందెపు కార్ల తరహా ఎత్తయిన రెక్క. అదే 1973లో బీఎండబ్ల్యూ తన 3.0 సీఎస్‌ఎల్‌కు పెద్ద రెక్క చేసింది కానీ, జర్మనీ రోడ్డు నిబంధనలు ఒప్పుకోకపోవడంతో దాన్ని డిక్కీలో పెట్టి అమ్మింది. బిగించుకోవడం కొన్నవాడి పని. ఆ దారి మాకొద్దు. మూడోది, ఆ కారు వయసుకీ ఒంటికీ సరిపోయే బాతు తోక. అదే ఎంచుకున్నాం.

పాత మూతకు చిల్లులు పెట్టలేదు. బాతు తోకతో కలిపి పోసిన ఫైబర్‌గ్లాస్ మూత తెచ్చాం. అద్దం కింద ఉండే కీళ్ల చుట్టూ ముందే గుర్తులు పెట్టుకుని, ఇద్దరం చెరోవైపు పట్టుకుని పాత ఇనుప మూత దించాం. దాని జాలీని కొత్తదానికి మార్చాం. రంగు వేయకముందే బిగించి చూశాం. ఒకవైపు సందు ఎక్కువ, ఇంకోవైపు మూత అంచు రాసుకుంటోంది. రెండు ఆదివారాలు ఉప్పుకాగితంతో రుద్దడమే సరిపోయింది. కొత్త మూత తేలిక కావడంతో పాత గ్యాస్ స్ట్రట్ దాన్ని మెలితిప్పేసేలా తన్నుతోంది. తక్కువ బలం ఉన్నది పెట్టాం. గొళ్లెం పడే శబ్దం సరిగ్గా వినిపించాకే రంగుకు పంపాం.

దానితో పాటు ముందు బంపరు కింద పెట్టే గాలి అడ్డు కూడా కొందామన్నాడు వాడు. నేనే వద్దన్నాను. "నీది ఎస్ కారా? దండగ ఖర్చు" అన్నాను. ఇంజనీరునని నా ధీమా.

ఒక ఆదివారం తెల్లవారుజామున ఆటోబాన్ ఎక్కాం. వాడు నడుపుతున్నాడు. నూట ఎనభై దాటాక వెనక భాగం రాయిలా కూర్చుంది. కానీ స్టీరింగు తేలిపోయింది. కొద్దిగా తిప్పినా కారు ఆలస్యంగా పలుకుతోంది. వాడి మొహంలో రంగు పోయింది. బ్రేకు మీదకు దూకకుండా, మెల్లగా యాక్సిలరేటరు వదిలాడు. అదే మమ్మల్ని కాపాడింది. పక్కన ఆగాక కాసేపు ఇద్దరికీ మాట రాలేదు.

తోక వెనక ఇరుసుకూ వెనకాల ఉంటుంది. అక్కడ కిందికి నొక్కితే, ఇరుసు మీద తూగి ముందు భాగం కొంచెం లేస్తుంది. అసలే ఈ కారులో ముందు బరువు తక్కువ. తక్కెడలో ఒక పళ్లెం ముట్టుకుని రెండోది చూడలేదు నేను. పోర్షెవారు కరేరా ఆర్‌ఎస్‌కు వెనక తోకతో పాటు ముందు గాలి అడ్డు ఎందుకు ఇచ్చారో చదివి కూడా, అలంకారం అనుకున్నాను. తప్పు నాది. మరుసటి వారం ముందు భాగం నా డబ్బుతో తెచ్చి బిగించాను. ఆ తరవాత కారు నాలుగు చక్రాల మీదా సమంగా కూర్చుంది.

ఇలాంటి పాఠం పెద్ద కంపెనీలకూ తప్పలేదు. 1998లో వచ్చిన ఆడి టీటీ నునుపైన వీపుతో ఎంతో అందంగా ఉండేది. అతివేగంలో కొన్ని ఘోర ప్రమాదాలు జరిగాక, ఆ కార్లను వెనక్కి పిలిచి సస్పెన్షన్ సరిచేసి, చిన్న స్పాయిలర్ తగిలించారు. చూపుకు వద్దనుకున్నదే ప్రాణానికి కావలసి వచ్చింది.

చివరగా ఒక ప్రశ్న మిగిలింది. కరేరా ఆర్‌ఎస్ పక్కల మీద పెద్ద అక్షరాలతో పేరు ఉంటుంది. రంగు వేసే అతను అదీ రాస్తానన్నాడు. మా వాడు ఒప్పుకోలేదు. "తోక పెట్టుకోవడం అవసరం. పేరు రాసుకోవడం కాపీ కొట్టడం. మాస్టారు చూస్తే ఊరుకుంటారా?" అన్నాడు. పాత ఇనుప మూతను దుప్పటిలో చుట్టి గ్యారేజీ అటక మీద దాచాడు. రేపు ఆ కారు ఎవరి చేతికి వెళ్లినా, అది పుట్టినప్పుడు ఎలా ఉందో తెలియాలి కదా.

మాస్టారు ఇప్పుడు లేరు. ఈ స్వర్ణోత్సవానికి మేమిద్దరం వస్తున్నాం. పదో తరగతి పిల్లలతో మాట్లాడడానికి హెడ్మాస్టరు గారు అరగంట ఇచ్చారు. నోటుపుస్తకంలోంచి ఒక కాగితం ముక్క, ఆఫీసు గదిలోంచి ఒక తక్కెడ ఇప్పిస్తే చాలని చెప్పాను.